చల్లదనం పడని మామగారు

ఆ కాగితం అలా పక్కన పెట్టి కాసేపు కూర్చో తల్లీ. పొద్దుటి నుంచీ చూస్తున్నాను, కొట్టేస్తావు, మళ్లీ రాస్తావు, నుదురు రుద్దుకుంటావు. ఇంటికి కొత్త నేల వేయించడమంటే మాటలా? షాపువాడు చెప్పే ఖర్చు ఒకటి, ఇంటికొచ్చాక అయ్యేది ఇంకొకటి. సిమెంటు, మోత కూలి, నేల పైకి లేస్తే తలుపుల అడుగు కోయించడం, ఇవన్నీ వాడెందుకు చెబుతాడు? ఇంతకీ ఏం తీసేస్తున్నావు? వంటింటికీ, వెనకాల బట్టలుతికే చోటుకీ అనుకున్న గరుకు రాయా? దాని బదులు అక్కడ కూడా ఈ నున్నటి టైల్సే వేయిద్దామనా? ఊఁ. సరేలే, నీ ఇష్టం. ఆగాగు, నీ ఇష్టమేమీ కాదు. మా మామగారి సంగతి నీకెప్పుడైనా చెప్పానా? మీ నాన్నకి తాత, నీకు ముత్తాత. ఫొటో కూడా సరైంది లేదాయనది, ఉన్న ఒక్కదాంట్లోనూ కళ్లు మూసుకున్నారు.

ఆయన బస్సు కండక్టరు. రిటైరయ్యాక కూడా ఇంట్లో కాళ్లు ఎడంగా పెట్టి నిలబడేవారు, ఇల్లు ఎక్కడ బ్రేకు వేస్తుందో అన్నట్టు. చెవి మీద పెన్సిలు ముక్క. పరమ పిసినారి అని వీధంతా పేరు. అరిగిపోయిన సబ్బుముక్కని కొత్త సబ్బుకి అంటించి రుద్దుకునేవారు, నీకు నవ్వొస్తుంది గానీ నిజం. నాతో పెద్దగా మాట్లాడేవారు కాదు. మంచినీళ్లమ్మా, పేపరొచ్చిందా, అంతే. అప్పటికి మీ నాన్న చంకలో పిల్లాడు. మా వంటింటి గచ్చు అరిగి అరిగి నున్నగా తయారైంది, తడి పడితే ఇక చెప్పక్కర్లేదు. ఓ రోజు నీళ్ల బిందెతో వస్తూ జారాను. బిందె ఒకవైపు, నేనొకవైపు. తుంటి విరిగింది. ఎన్నాళ్లకో ఎముక అతికింది, భయం మాత్రం పోలేదు. గోడ పట్టుకునే నడిచేదాన్ని, నా చెయ్యి రాసి రాసి గోడకి నల్లటి చార పడింది. పిల్లాణ్ణి ఎత్తుకుని మళ్లీ పడితేనో అని వాణ్ణి ఎత్తుకోవడమే మానేశాను. మొదట్లో చేతులు చాపి ఏడ్చేవాడు. తర్వాత తర్వాత నా వైపు చూడకుండా నేరుగా మా అత్తగారి దగ్గరికే పోయేవాడు. ఆ బాధ ఎలా ఉంటుందో నీకిప్పుడు చెప్పినా తెలియదులే, నీకూ ఒకడు పుట్టాలి.

ఆ ఏడే మీ తాతయ్య చేతికి కాస్త డబ్బొచ్చింది. ఇల్లంతా నేల మార్పిద్దామన్నారు. మా అత్తగారికి ముందుగదిలో మెరిసే టైల్స్ కావాలి, వచ్చినవాళ్ల మొహాలు అందులో కనపడాలట. తండ్రీ కొడుకులు షాపుకెళ్లారు. అక్కడ మా మామగారు ఏం చేశారంటే, చెప్పులు విడిచి, మంచినీళ్ల గ్లాసు తీసుకుని, ఆ మెరిసే టైలు మీద పోశారు. పోసి దాని మీద నిలబడ్డారు. "ముప్పై ఏళ్లు నడిచే బస్సులో ఏదీ పట్టుకోకుండా నిలబడ్డవాణ్ణి" అంటున్నారట, ఆ మాట పూర్తవకుండానే సర్రున జారి షాపు ఓనరు ఒళ్లో పడ్డారు. మీ తాతయ్య ఇంటికొచ్చి చెబుతూ ఒకటే నవ్వు. మామగారు నవ్వలేదు. వంటింటికి మాత్రం గరుకు రాయే వేయాలి, జారనిది, అని భీష్మించుకుని కూర్చున్నారు. దాని ధర వింటే కళ్లు తిరిగాయి. మరి డబ్బు? దానికీ ఆయనే ఉపాయం చెప్పారు. బీరువాల కింద, మంచాల కింద టైల్స్ ఎవరు చూస్తారు, అక్కడ వేయొద్దు, ఆ మిగిలేది వంటింటికి సరిపోతుంది అని. అందరూ ఆహా అన్నారు. ఎంత తెలివైనవాళ్లమో చూడు!

మేస్త్రి చెప్పినట్టే చేశాడు, బీరువాల చుట్టూ, మంచాల చుట్టూ చక్కగా టైల్స్ పరిచాడు. ఆరాక చూస్తే నేల రెండు వేళ్ల ఎత్తు లేచింది. బీరువాలు గుంటలో ఉన్నాయి. వాటికేమో పొట్టి కాళ్లాయె, తలుపు తీద్దామంటే టైలుకి తగిలి చస్తే రాదు. బట్టలన్నీ లోపల. మీ తాతయ్య నిన్నటి చొక్కాతోనే ఆఫీసుకెళ్లారు. మా అత్తగారు పెళ్లికెళ్లాల్సినావిడ, బీరువా ముందు కూర్చుని మొగుణ్ణి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారు. ఆవిడ మంచమైతే మరీనూ, ఎప్పటి ఎత్తే అనుకుని కూర్చోబోయి దబ్బున పడేవారు. సాయంత్రం మీ తాతయ్య వచ్చి, ఇక లాభం లేదు, వంటింటి రాయి ఇంకా దింపలేదు కదా, అది వద్దని చెప్పేస్తాను, ఆ డబ్బుతో ఈ గుంటలు పూడ్పిద్దాం అన్నారు. నేను తలుపు చాటున గోడ పట్టుకుని వింటున్నాను. నోరు విప్పి అడగడానికి నాకు మొహం చెల్లలేదు, ఖర్చంతా నా కాళ్ల వల్లేనాయె. అప్పుడు మామగారు పేపరు మడిచి, "నా గదికని తెచ్చిన టైల్స్ ఇంకా పరవలేదుగా, అవి తీసి ఇక్కడ పరిచెయ్యండి. నా గది ముట్టుకోవద్దు. నాకు చల్లదనం పడదు" అన్నారు. ఎప్పటి నుంచి పడదు అన్నారు అత్తగారు. ఎప్పుడూ పడదు అన్నారాయన, అంతే, లేచి వెళ్లిపోయారు.

వంటింట్లో రాయి పరిచి, ఆరి, మేస్త్రి వెళ్లిపోయిన రోజు. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఆయన ఎక్కడి నుంచో మీ నాన్నని ఎత్తుకొచ్చి నా చేతుల్లో పెట్టేశారు. పెట్టేసి, నేల మీద చెంబుడు నీళ్లు కుమ్మరించి, అటు చివర పొయ్యి దగ్గరికెళ్లి కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డారు. చెవి మీది పెన్సిలు తీసి డబ్బా మీద టకటక కొట్టారు. "ముందుకి జరగాలమ్మా, ముందుకి. ఏదీ పట్టుకోనక్కర్లేదు. ముందుకి." నాకు చెమటలు. రెండు చేతుల్లోనూ పిల్లాడు, గోడ పట్టుకుందామన్నా చెయ్యేదీ? వేశాను, అడుగు వేశాను. కాలు నిలబడింది. ఇంకోటి వేశాను. మీ నాన్న నా జుట్టు పట్టి లాగుతున్నాడు. అటు చివరికి చేరేసరికి ఆయన "రైట్ రైట్" అన్నారు, అచ్చం బస్సులో అన్నట్టే. నేను నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. నా కొడుకుని నాకు మళ్లీ ఇచ్చారమ్మా ఆ మనిషి. సొంత తండ్రి చేస్తాడా అంత? మీ మేలు మరిచిపోలేను మామగారూ అని ఒకసారి అన్నాను కూడా. పేపరు తిప్పుతూ, "బేరమాడితే ఆ రాయి షాపువాడు ఇంకాస్త తగ్గించేవాడు" అన్నారు, అంతే.

ఎండలు ముదిరాక చూడాలి ఆయన్ని. మధ్యాహ్నం కాగానే చొక్కా విప్పి ముందుగదిలో కొత్త టైల్స్ మీద వెల్లకిలా పడుకునేవారు. మామగారూ, మీకు చల్లదనం పడదుగా అంటే, "ఇది ఎండాకాలపు చల్లదనమమ్మా, ఇది వేరు" అని అటు తిరిగి పడుకునేవారు. వచ్చే ఏడు ఆయన గదికీ వేయిద్దాం అనుకుంటూనే ఉన్నాం, ఏదో ఒక ఖర్చు వచ్చిపడేది. ఆయన పోయిందీ ఆ పగిలిన గచ్చు గదిలోనే. ఆ ఇల్లు అమ్మేసేదాకా ఆ గది అలాగే ఉంది.

మొన్న మీ అమ్మ బట్టలుతికి లోపలికొస్తూ తలుపు పట్టుకుని నిలబడిపోయింది, చూశావా? నువ్వు ఫోనులో ఉన్నావులే. నేను చూశాను. దానికి మోకాళ్లు సరిగ్గా లేవు, చెప్పదు. ఏదీ, ఆ కాగితం ఇటివ్వు. ఇదిగో, ఇక్కడ నా గది అని రాశావు చూడు, అది కొట్టేయ్. కొట్టేసి ఆ గరుకు రాయి మళ్లీ రాయి. నాకు చల్లదనం పడదు. ఎప్పటి నుంచేమిటి, ఎప్పుడూ పడదు. ఏమిటా చూపు? లేచి ఆ ఫ్యాను కాస్త పెంచు, ఉక్కపోస్తోంది.