తీగ తెగినా ఆగని పాట

కోకాపేటలోని ఒక ఆఫీసు టవర్‌లో కంపెనీ వార్షికోత్సవం అప్పుడే ముగిసింది. పాతకాలపు బ్లూస్ రాక్ వాయించే బ్యాండులోని గిటారిస్టు, డ్రమ్మర్ సామాన్ల లిఫ్టులో కిందికి దిగుతున్నారు.

“సోలో మధ్యల నా గిటార్ తీగ తెగింది, చూసినవా?”

“చూసిన అన్నా.”

“నేను చెయ్యి ఆపిన. పాట ఆగలే. పెద్ద స్పీకర్లల్ల నా సోలో వస్తనే ఉంది. జనం చప్పట్లు గూడ కొట్టిన్రు.”

“ఒక్క తప్పు గూడ రావద్దని కంపెనీవాళ్లు అన్నరు. అందుకే మూసాపేట ప్రాక్టీసు రూముల చేసిన రికార్డు పెట్టినం. నీ గిటార్ సౌండు వచ్చే ఆంప్ డబ్బా ముందటి మైకు బంద్ జేసినం. ఆ డబ్బా సౌండు నీ ఒక్కనికే వినిపిస్తది.”

“పెట్టినం అంటున్నవ్. అంటే నీకు ముందే తెలుసు.”

“చెప్తే నువ్వు స్టేజీ ఎక్కవు గదా.”

“ఎందుకు ఎక్కుత? కంప్యూటర్ ముట్టకుండ, యాభై ఏండ్ల కింద ఎట్ల వాయించిన్రో అట్లనే వాయిద్దామని కాదా మనం బ్యాండు పెట్టింది? ఈ ముప్పై కిలోల పాత ఆంప్ షోషోకు మోస్తున్నది దేనికి?”

“కోపం జెయ్యకన్నా.”

“పోయిన నెల మాదాపూర్ షోల జనం లేచి నిలబడ్డరు. నా జిందగీల గట్ల ఎన్నడు వాయించలే.”

“అది గూడ రికార్డే అన్నా.”

“మరి ఆ రోజు నేను వాయించింది ఎట్లుండె? నా ఎనకనే కూసున్నవ్ గదా, నువ్వన్న చెప్పు.”

“నాకు తెల్వదన్నా. నా చెవులల్ల ఉన్న ఇయర్‌ఫోన్లల్ల గూడ రికార్డే పెట్టిన్రు.”