మంగళవారం గడి

రెండేళ్ళ కమ్యూనిటీ కాలేజీలో చేరబోతున్న మనవరాలు రాసుకున్న కోర్సుల పట్టికను అమ్మమ్మ వంటింటి బల్ల దగ్గర కూర్చుని రెండోసారి చదివింది.

"కెమిస్ట్రీ ఏదే? డాక్టరు చదువుకి అదే మొదలన్నావుగా."

"వచ్చే ఏడు చూస్తాలే."

"అది వెనకబడితే తక్కినవన్నీ వెనకబడవూ? ఇంక యూనివర్సిటీకి మారేదెప్పుడు?"

"దాని ల్యాబు మంగళవారమే ఉంది, అమ్మమ్మా."

మంగళవారం అమ్మమ్మకు డయాలసిస్. కారు నడిపేది మనవరాలే.

"చర్చి వ్యానులో పోతా. దాన్ని నడిపే వర్జిల్ తీసుకెళ్తాడు."

"కళ్ళజోడు పెట్టుకుని కూడా చర్చి గేటును గుద్దాడు ఆయన!"

"గేటునే కదా, నన్ను కాదుగా. కెమిస్ట్రీ అని రాయి."

"అక్కడ నాలుగు గంటలు ఒక్కదానివే ఎలా ఉంటావు?"

"నువ్వు యూనివర్సిటీకి పోయాక ఎవరుంటారే? ఇప్పట్నుంచే అలవాటు చేసుకోనీ."

మనవరాలు పెన్సిలు బల్ల మీద పెట్టేసింది. మంగళవారం గడిలో పెన్సిలుతో 'అమ్మమ్మ' అని ఉంది. దాన్ని అమ్మమ్మే చెరిపి, 'కెమిస్ట్రీ' అని రాసింది.