విరిగింది ఏ సగం

పేలియన్ కొండ దిగువన, అనావ్రోస్ ఏటి ఒడ్డున ఉన్న మా ఊళ్ళో, పెద్దల మంటపంలో, ఊరి పెద్ద తెలెస్తాస్ గారి ఎదుట, చలికాలం మొదటి నెల అయిదో రోజు, పొద్దు బారెడు ఎక్కిన వేళ చెప్పినది. లేఖకుడు తడి మట్టి పలక మీద రాసుకున్నాడు.

నా పేరు మెలిట్టా. వయసు యాభై నాలుగు. మా నాన్న పడవలు కట్టేవాడు. నా భర్త పేరు క్లెయాస్, ఇప్పుడు లేడు. పిల్లలు లేరు. విరిగిన ఎముకలు కట్టడం నా పని. ముప్పై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఆ పనే చేస్తున్నాను. తెలెస్తాస్ గారి కుడి మణికట్టు కట్టింది కూడా నేనే.

చనిపోయినతని పేరు పిత్యాస్. ఏ జాతి అని లేఖకుడు అడిగాడు. సెంటార్. నడుము దాకా మనిషి, నడుము కింద గుర్రం. మేము కొండవాళ్ళంటాం. వయసు నలభై దాటి ఉంటుంది. వాళ్ళు ఏళ్ళు లెక్కపెట్టుకోరు, మంచు పడిన సార్లు లెక్కపెట్టుకుంటారు, అదీ మధ్యలో మరచిపోతారు.

నా భర్త ఎలా పోయాడో కూడా చెప్పమన్నారు. పదకొండేళ్ళ కిందట మన రాజుగారి పెళ్ళికి కొండవాళ్ళను పిలిచారు. వాళ్ళు తాగి పెళ్ళికూతురి మీద చెయ్యి వేశారు. భోజనాల దగ్గర మొదలైన కొట్లాట పొద్దు గూకేదాకా ఆగలేదు. నా భర్తను ఒక కొండవాడు విరిగిన బల్ల కాలితో కొట్టి చంపాడు. పిత్యాస్ భార్య కిస్సాకు ఇద్దరు అన్నలు ఉండేవాళ్ళు. వాళ్ళను మనవాళ్ళు అక్కడే చంపారు. ఆ తర్వాత ఏటికి అవతల హద్దురాళ్ళు పాతారు. వాళ్ళు రాయి దాటి రాకూడదు, మనం దాటి పోకూడదు.

పగ పెట్టుకుని చంపావా అని అడిగారు. లేదు. పిత్యాస్ ఆ పెళ్ళికి రానే లేదు. గిట్టలో ముల్లు దిగి ఆ వారమంతా గుహలోనే ఉన్నాడు.

నెలకోసారి హద్దురాయి దగ్గర కలిసేవాళ్ళం. అతను వేర్లు, ఆకులు, తేనె తెచ్చేవాడు. నేను బార్లీ పిండి, నారబట్ట, కంచు సూదులు ఇచ్చేదాన్ని. రాయికి అటు అతను, ఇటు నేను. నన్ను అక్కా అని పిలిచేవాడు. ఏ వేరు జ్వరానికి, ఏ వేరు వాపుకు అన్నది సగానికి సగం అతను చెప్పిందే.

ఆలివ్ కాయలు దులిపే నెల, తొమ్మిదో రోజు. కుమ్మరి భార్య ప్రసవించి ఆరు రోజులైంది. జ్వరం దిగడం లేదు. నా దగ్గర జ్వరం వేరు అయిపోయింది. మేకలు కాసే ముసలాయనతో పిత్యాస్‌కు కబురు పంపాను. "రాయి దగ్గరికి కాదు, ఇంటికే తీసుకురా. ఈమెను వదిలి నేను కదల్లేను" అని చెప్పమన్నాను. రాయి దాటి రమ్మన్నది నేను. ఇది స్పష్టంగా రాసుకోండి. అతను తనంతట తాను దాటలేదు.

ఎండ నడినెత్తి నుంచి కాస్త వాలాక అతను ఆలివ్ తోట పై అంచున తోడేళ్ళ గుంటలో పడ్డాడు. ఆ గుంట తవ్వించి కొమ్మలు కప్పించింది తెలెస్తాస్ గారు. తప్పని అనడం లేదు. తోడేళ్ళు మేకలను ఎత్తుకుపోతున్నాయి, తవ్వించారు. కొండవాడు అటుగా వస్తాడని ఎవరు మాత్రం అనుకుంటారు.

అరుపు విని వెళ్ళాను. ముందు ఎడమ కాలు మోకాలి కింద విరిగింది. ఎముక తోలు చీల్చుకుని బయటికి వచ్చింది. గుంటలో వాన నీళ్ళున్నాయి. వేర్ల మూట నెత్తిన పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి మొదట అన్న మాట ఇది:

"తడవలేదక్కా. ముందు ఇది తీసుకెళ్ళు."

తీసుకెళ్ళాను. అతన్ని గుంటలోనే వదిలి కుమ్మరి ఇంటికి పోయి, వేరు నూరి తాగించి, మళ్ళీ వచ్చాను. ఆమె బతికింది. బిడ్డా బతికింది.

ఎనిమిది మంది మగవాళ్ళు, రెండు కంచర గాడిదలు తాళ్ళు కట్టి లాగితే పొద్దు వాలేసరికి పైకి వచ్చాడు. మా గానుగ కొట్టంలోకి చేర్చాం. మా తమ్ముడు దోరిక్లోస్ అక్కడే ఉన్నాడు. ఊళ్ళో గుర్రాలకు వైద్యం చేసేది వాడే. వాడు కాలు చూసి నన్ను పక్కకు పిలిచాడు.

"అక్కా, గుర్రమైతే ఈపాటికి నేను పని కానిచ్చేవాణ్ణి."

"మనిషిరా."

"విరిగింది ఏ సగమో చూశావా?"

"కట్టు కట్టేది నేను. కావాలంటే సాయం పట్టు, లేకపోతే బయటికి పో" అన్నాను.

పిత్యాస్ అంతా విన్నాడు. ఒళ్ళంతా చెమటలు కారుతున్నాయి. "పై సగానికి అక్క, కింది సగానికి తమ్ముడు. మీరిద్దరూ తగువు పడితే నడుం దగ్గర తెగేది నేనే" అన్నాడు. దోరిక్లోస్‌కు నవ్వొచ్చింది. నవ్వుతూనే వచ్చి కాలు పట్టుకున్నాడు.

మనిషికి కాలు విరిగితే పడుకోబెడతాం. వాళ్ళు పడుకుని ఉండలేరు. గంట పడుకుంటే కడుపు ఉబ్బి ఊపిరి అందదు. నాలుగు కాళ్ళ మీద నిలబడాలి, ఉన్నవి మూడు. రేవు నుంచి పాత తెరచాప తెచ్చి, పొట్ట కింద నుంచి తీసి, గానుగ దూలానికి వేలాడదీశాం. చితికిన ఆలివ్ గింజల మధ్య అతను ఇరవై రెండు రోజులు అలా వేలాడాడు.

నాలుగో రోజు ఉదయం కిస్సా వచ్చింది. హద్దు దాటి వచ్చింది. తెలెస్తాస్ గారికి తెలుసు, చూసీ చూడనట్టు ఊరుకున్నారు. అది కూడా రాయండి, ఆయన మంచికే.

రెండు రోజులు ఆమె నా చేతి తిండి ముట్టలేదు. మూడో రోజు బార్లీ జావ గిన్నె పట్టుకుని నన్నే చూస్తూ నిలబడింది.

"నీ మొగుణ్ణి చంపింది మావాళ్ళంట కదా."

"అవును."

"మా అన్నల్ని?"

"మావాళ్ళే."

"మరి ఇందులో విషం లేదని ఏంటి నమ్మకం?"

"మీ ఆయన ఆరు రోజులుగా ఇదే తాగుతున్నాడు. ఉంటే ఈపాటికి పోయేవాడు."

అప్పుడు తాగింది. ఆ రోజు నుంచి నన్ను వదినా అంది. రాత్రిళ్ళు నా గడప పక్కన నిలబడే నిద్రపోయేది. పొద్దున లేచి తలుపు తీస్తే ఆమె ఊపిరి నా తల మీద తగిలేది.

దోరిక్లోస్ రోజూ మధ్యాహ్నం వచ్చి అతని దగ్గర కూర్చునేవాడు. మొదట కాలు చూడడానికి. తర్వాత ఊరికే. ఒక రోజు పిత్యాస్ వాడితో, "మీ కపిల రంగు ఆడగుర్రం నీ మీద కోపంగా ఉంది. ఎడమ వైపు జీను నొక్కుతోందట" అన్నాడు. "నీకు చెప్పిందా?" అన్నాడు మా వాడు. "నాకెందుకు చెబుతుంది. అది నడిచే తీరు చూస్తే తెలీదూ?" అన్నాడు. వాడు పోయి జీను విప్పి చూస్తే నిజంగానే పుండు ఉంది.

పన్నెండో రోజు గాయం వాసన మొదలైంది. ముందు పులిసిన ద్రాక్షరసంతో కడిగి, తర్వాత తేనె పట్టించాను. పదిహేనో రోజు ముందు కుడి కాలి గిట్ట వేడెక్కింది. బరువంతా దాని మీదే పడింది కదా. దోరిక్లోస్ అరచెయ్యి పెట్టి చూశాడు. బయటికి వచ్చాక, "గిట్ట లోపల వదులవుతోందక్కా. ఇది మొదలైతే ఇక వెనక్కి రాదు" అన్నాడు. తెరచాప ఒరుసుకుని పొట్ట కింద తోలు ఊడింది. కిస్సా కొండ మీద నుంచి నాచు తెచ్చి ఆ పుండ్ల మీద పెట్టేది.

పద్దెనిమిదో రోజు నుంచి అతను హాస్యాలాడడం మానేశాడు. జ్వరం చూసి నేను భయపడలేదు. అది చూసి భయపడ్డాను.

ఇరవై రెండో రోజు మధ్యాహ్నం అతను దోరిక్లోస్‌ను అడిగాడు. నేను అక్కడే ఉన్నాను.

"తమ్ముడూ, మొదటి రోజు మీ అక్కతో ఏదో పని కానిస్తానన్నావు. కానియ్యి."

మా వాడు తల వంచుకుని నిలబడ్డాడు. పదహారేళ్ళ వయసు నుంచి, ఇక బాగుపడని గుర్రాలను చంపి బాధ తీర్చినవాడు వాడు. ఎన్నో వాడికే తెలియదు.

"నా వల్ల కాదన్నా" అన్నాడు.

"ఎన్ని గుర్రాలకు చెయ్యలేదు?"

"అవి నన్ను తమ్ముడూ అనలేదు."

కొట్టం బయటికి పోయాడు. ఆ తర్వాత లోపలికి రాలేదు.

మరుసటి రోజు, అంటే ఈ నెల రెండో రోజు, పొద్దు పొడిచి కొండ అంచు మీద జానెడు ఎక్కింది. నేను కిస్సాను మంచు తెమ్మని పైకి పంపాను. గిట్ట మంటకు మంచు కావాలన్నాను. పోయి రావడానికి పూట పడుతుంది.

అతను నన్ను అడిగాడు. నేను కాదన్నాను. మళ్ళీ అడిగాడు. మళ్ళీ కాదన్నాను. మూడోసారి అడగలేదు, నా వైపు చూశాడు. అప్పుడు సరే అన్నాను.

నొప్పి తెలియకుండా నల్లమందు కలిపాను. ద్రాక్షసారాలో కలిపి తెచ్చాను, చేదు తెలియదని. అతను గిన్నె వాసన చూసి వెనక్కి ఇచ్చాడు.

"నీళ్ళలో ఇవ్వక్కా. కొండవాడు తాగి చచ్చాడంటారు."

నీళ్ళలో ఇచ్చాను. మగత వచ్చేదాకా అతని చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. నేను పొట్టిదాన్ని, గానుగ రాయి ఎక్కి నిలబడ్డాను. కత్తి నాదే, కట్లు కోసే కత్తి. ఎక్కడ పెట్టావని అడిగారు. గుర్రాలకు పెట్టే చోట కాదు. మెడ పక్కన, దవడ కింద, మనిషికి నాడి చూసే చోట. ముందు వేలు పెట్టి నాడి చూశాను. తర్వాత కోశాను. తెరచాప బరువెక్కింది. దూలం ఒకసారి కిర్రుమంది. అంతే.

మధ్యాహ్నానికి కిస్సా వచ్చింది. బుట్ట నిండా మంచు ఉంది. లోపలికి వచ్చి చూసింది. వంగి, కుడి కాలి గిట్ట చుట్టూ మంచు పెట్టింది. ఆ గిట్ట అప్పటికే చల్లబడింది. అయినా బుట్టలో ఉన్నదంతా పెట్టింది. నేను వద్దనలేదు.

తర్వాత ఆమె హద్దురాయి అవతలికి పోయి నిలబడింది. తన మొగుణ్ణి మెలిట్టా చంపిందని, న్యాయం కావాలని కబురు చేసింది. మూడు రోజులుగా అక్కడే నిలబడి ఉంది. ఆమె చెప్పింది నిజం.

ఇందాక తెలెస్తాస్ గారు లేఖకుణ్ణి ఆపమని నాతో ఒక మాట అన్నారు. అది కూడా రాయమని నేను అడిగాను. రాయనిచ్చారు, అది ఆయన పెద్దతనం.

"మెలిట్టా, మనిషిని చంపినవాళ్ళు ఏడు చలికాలాలు ఈ నేల తొక్కకూడదు. ఈ వయసులో ఎక్కడికి పోతావ్? కాలు విరిగిన గుర్రాన్ని చంపానని అను. ఇంటికి పో. అబద్ధం కూడా కాదు, విరిగింది గుర్రం కాలే."

"కాలు గుర్రందేనయ్యా. నన్ను అడిగిన నోరు?" అన్నాను.

వెనక నుంచి మా దోరిక్లోస్, "అనెయ్యక్కా. ఒక్క మాటే కదా" అన్నాడు. వాడు ఏడుస్తున్నాడు.

నేను అనను. గుర్రం చస్తే ఎవరూ విధవ కారు. నా భర్త పోయినప్పుడు ఊరంతా నా ఇంటికి వచ్చారు. తెలెస్తాస్ గారి భార్య తొమ్మిది రోజులు నాకు వండిపెట్టింది. ఆ కిస్సా మూడు రోజులుగా రాయి దగ్గర ఒంటరిగా నిలబడి ఉంది. పలక మీద గుర్రం అని రాస్తే ఆమెకు అసలు మొగుడే లేనట్టు. నేను చంపింది మనిషిని. అతను చంపమన్నాడు, నేను చంపాను. శిక్ష ఏదైతే అది వేయండి. రేపు పొద్దున్నే బయల్దేరమన్నా బయల్దేరతాను.

ఇంకొక్క మాట ఉంది. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మంచు పెట్టడం అయ్యాక కిస్సా నన్ను ఒక్కటే అడిగింది. "నన్నెందుకు పంపించావు వదినా?" అని. నేను జవాబు చెప్పలేదు. పంపమన్నది అతనే. "అది పక్కనుంటే నాకు చావబుద్ధి కాదక్కా" అన్నాడు.

ఈ పలకను హద్దురాయి దగ్గర ఆమెకు చదివి వినిపిస్తారని తెలుసు. మిగతావి తొందరగా చదివినా పర్వాలేదు. ఈ ఒక్క మాట నిదానంగా చదవండి. ఆమెకు ఎడమ చెవి సరిగా వినపడదు. కుడి వైపు నిలబడి చదవండి.

పైదంతా నాకు రెండుసార్లు చదివి వినిపించారు. రెండు చోట్ల గుర్రం అని ఉంటే చెరిపించి మనిషి అని రాయించాను. నన్ను ఎవరూ బెదిరించలేదు, పెట్టిన ఆశ నేను తీసుకోలేదు. నా కళ్ళతో చూసింది, నా చేతులతో చేసింది ఇదే. నాకు రాయడం రాదు. మట్టి ఆరకముందే కుడి బొటనవేలు ఒత్తాను.

మెలిట్టా, ఎముకలు కట్టే ఆమె. వేలిముద్ర.