నానబెట్టిన మేత

(పశువైద్యుడి గది. బల్ల మీది చిన్న కాటాలో కుందేలు. ఒక పక్క కోడలు, మరో పక్క అత్తగారు, నడుమ డాక్టరు.)

"కిలో ఆరువందలా? మీ కాటా తప్పు చూపిస్తోంది డాక్టరు గారూ. మళ్ళీ పెట్టండి."

"రెండుసార్లు పెట్టానమ్మా. టీకాకి తెచ్చిన రోజున రెండు కిలోల రెండువందలు. కార్డు మీద నా చేత్తో నేనే రాశాను. మూడు నెలల్లో ఆరువందల గ్రాములు పోయాయి. మీరే ఆ లెక్కన చిక్కితే పదిహేను కిలోలు తగ్గుతారు. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు?"

"నన్నడుగుతారేం? పగలంతా దాని దగ్గరుండేది మా అత్తయ్యగారు. నేను ఆఫీసుకి వెళ్ళేటప్పుడు గిన్నె నిండుగా, వచ్చేసరికి ఖాళీగా. తింటోందనుకున్నాను. దాని పేరే బొద్దు!"

"తినేది అమ్మాయ్. మొదట్లో బాగానే తినేది."

"నోటికి అడ్డం పెట్టుకున్న ఆ చెయ్యి తీసి మాట్లాడండి అత్తయ్యా. సగం మాటలు మీలోనే ఉండిపోతున్నాయి. మొదట్లో తినేది. తర్వాత?"

"తర్వాత... మిగిల్చేది."

"మిగిల్చింది ఏమయ్యేది?"

"పులిసిపోతుంది కదా. చీమలు పడతాయి కదా. నేనే పారబోసేదాన్ని."

"విన్నారా? పారబోసేవారట! గిన్నె కడిగి బోర్లించేవారట! నేనేమో ఇంటికొచ్చి, 'మా బొద్దు అంతా తినేసిందే' అని మురిసిపోయేదాన్ని!"

"ఉండండమ్మా, ఉండండి. ఎండు మేత పులియడమేమిటి? పెద్దమ్మగారూ, ఏం పెట్టేవారు దీనికి?"

"మీరు రాసిచ్చిన సంచీ మేతే నాయనా."

"అది పులియదే."

"నానబెట్టేదాన్ని."

"నానబెట్టేవారా! ఎందుకు?"

"రాళ్ళలా ఉంటుంది కదా. గోరువెచ్చని నీళ్ళు పోసి, మెత్తగా మెదిపి, కాస్త అరటిపండు కలిపి..."

"చెంచాతో కూడా తినిపించారా? జోల పాడారా?"

"నువ్వు వెటకారం చేస్తే చెప్పలేనమ్మాయ్."

"అమ్మా, మీరొక్క నిమిషం. పెద్దమ్మగారూ, మరి ఎండుగడ్డి?"

"అది మానేశాను. ముళ్ళకంపలా ఉంటుంది నాయనా. చిగుళ్ళకి గుచ్చుకోదూ? నోరులేని జీవి, గుచ్చుకుందని ఎవరితో చెప్పుకుంటుంది?"

"ఎంత పని చేశారమ్మా! దీనికి పళ్ళు బతికున్నన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి. గడ్డి నమిలి నమిలి అరగదీసుకోవాలి. మీరు దానికి నమిలే పనే లేకుండా చేశారు. ఇదిగో, ఈ లైటు వెలుతురులో చూడండి. దవడ పళ్ళు సూదుల్లా మొనదేలి నాలుకను కోస్తున్నాయి. గడ్డం కింద ఈ తడి అంతా చొంగే. ఆకలి లేక కాదు ఇది తిననిది. ఆకలితోనే ఉంది, నొప్పికి మానుకుంది."

"పరమాత్మా! నా చేతులతో నేనే..."

"ఆయన్నెందుకు పిలుస్తారు? నానబెట్టమని ఆయనేం చెప్పలేదు. పాప నెల రోజులుగా చెబుతూనే ఉంది, 'అమ్మా, ఎత్తుకుంటే బొద్దు ఎముకలు తగులుతున్నాయే' అని. 'నానమ్మ చూసుకుంటోందిలే, నువ్వు హోంవర్కు చేసుకో' అన్నాను. నన్ను నేను కొట్టుకోవాలి! డాక్టరు గారూ, ఇప్పుడేం చెయ్యాలి?"

"మత్తిచ్చి ఆ మొనలు అరగదీయాలి. ఇంతగా చిక్కినదానికి మత్తంటే ప్రమాదమే. లేస్తుందనే చేస్తాను, కానీ మాటివ్వలేను."

"చెయ్యకపోతే?"

"వారం. పది రోజులు కష్టం."

"పాప బడి నుంచి నాలుగింటికి వస్తుంది. అది వచ్చేసరికి... చెయ్యండి. చేసెయ్యండి."

"చేస్తాను. ఒక్క సంగతి నాకు అంతుపట్టడం లేదు. పెద్దమ్మగారూ, మొదట్లో బాగానే తినేదన్నారు. నమలలేక ఇబ్బంది పడటం మీరు చూశారా?"

"లేదు నాయనా."

"మరి నానబెట్టాలని ఎందుకు తోచింది?"

"చెప్పండత్తయ్యా! ఇప్పుడు మౌనవ్రతమా? ఇదీ వరస డాక్టరు గారూ. మూడు నెలలుగా నాతో ఇంతే. అడిగితే తలాడిస్తారు, లేకపోతే అదీ లేదు. పొద్దున్నే గొంతెత్తి పద్యాలు చదివేవారు, వీధి మలుపు దాకా వినబడేవి. అవీ కట్టిపెట్టారు. నేనేదో అన్నానని నామీద కోపం! పద్యాలేం చేశాయి, ఈ కుందేలేం చేసింది?"

"నీమీద కోపం కాదమ్మాయ్."

"మరేమిటి?"

"పద్యం చదివితే అక్షరం అక్షరంలా పలకాలి. నోట్లోంచి గాలి జారిపోతుంటే దేవుడి పేరు పాడుచేసినట్టుంటుంది. అందుకని మనసులోనే చదువుకుంటున్నాను."

"గాలెందుకు జారుతుంది? పళ్ళసెట్టు ఉందిగా మీకు!"

"ఉందిలే అమ్మాయ్."

"అత్తయ్యా, ఇటు తిరగండి. చెయ్యి తియ్యండి. నోరు తెరవండి."

"పరాయివాళ్ళ ముందు నా నోరెందుకు తల్లీ?"

"బొద్దు తెరవలేదూ? తెరవండి. డాక్టరు గారూ, ఆ లైటు కాస్త ఇటు పట్టండి."

"నేను పశువుల డాక్టర్నమ్మా."

"లైటు పట్టడానికి ఏ డాక్టరైతేనేం? పట్టండి!"

"...చిగుళ్ళు పుండ్లు పడ్డాయి. రెండు వైపులా. ఇవి నిన్నా మొన్నటివి కావు."

"సెట్టేదీ?"

"ఒరుసుకుపోతోందని తీసి డబ్బాలో పెట్టాను."

"ఎప్పుడు?"

"బొద్దుకి టీకా వేయించిన వారంలో."

"నాకెందుకు చెప్పలేదు? నోరులేని జీవి అని దాన్నన్నారు, మీకేమైంది?"

"చెప్పాను అమ్మాయ్. నువ్వు తాళంచెవులు వెతుక్కుంటున్నావు. 'ఈ ఇంట్లో తెల్లారితే ఎవరో ఒకరికి నొప్పి, నేనెక్కడ చచ్చేది?' అన్నావు. ఆఫీసుకి ఆలస్యమవుతోంది పాపం నీకు. ఇంకెందుకులే అనుకున్నాను. గట్టిది కొరికితే ఎలా ఉంటుందో నాకప్పటికే తెలిసొచ్చింది. ఆ బాధ దానికీ ఉంటుందేమోనని, నాకు నానబెట్టుకునేటప్పుడే దానికీ కాస్త..."

"మీ కంచం ఖాళీగానే ఉంటోంది. నేను పెట్టి వెళ్ళిందంతా. రోజూ చూస్తున్నాను కదా నేను! తింటున్నారనే కదా..."

"తింటూనే ఉన్నాను. దిగినంత."

"మిగిలింది?"

"పులిసిపోతుంది కదా అమ్మాయ్."

"...డాక్టరు గారూ, బొద్దుని లోపలికి తీసుకెళ్ళండి. ఒక్క మాట. నేల మీద ఆ పెద్ద కాటా ఉందే, అది ఎంత బరువు దాకా తూస్తుంది?"

"నూరు కిలోల దాకా. పెద్ద కుక్కల కోసం పెట్టాం. ఎందుకమ్మా?"

"అత్తయ్యా, చెప్పులు విడవండి. నా వంక అలా చూడకండి, నా కోపం ఇంకా తగ్గలేదు. విడిచి, ఎక్కండి."