గేటుదాక మోసిన పేర్లు

నవ్వకు రంజిత్. మీ నాయినమ్మ మనుమల పేర్లు కలగలిపి పిలిస్తె ఏమాయె? మతి పోయిందని మాత్రం ఎవ్వలనీ అనకు బిడ్డా. గా మాట నేనొకసారి అన్న, హన్మయ్యను. నువ్వు జూడలె, పోయి శానేండ్లాయె. రెండువేల మూడో నాలుగో, నాచారంల మా కంపెనీ గేటుకాడ కాపలా ఉండేటోడు. పొద్దుగాల్ల చెంగిచెర్లకెల్లి, కాప్రాకెల్లి కూలోళ్లొచ్చి గేటు బయట నిలబడేది. హాజరు రాసే టైమాఫీసుల నేను ఆ దినం పనికి కావాల్సినోళ్ల పేర్లు జదివేది. హన్మయ్యకు సదువు రాదు గద, అన్ని నోట్లనే గొణుక్కుంట షెడ్లు దాటి గేటుకు పోయి పిలిసేది. బసవరాజు, భూషణం, చిదంబరం, దయాకర్... పన్నెండు పేర్లయినా ఒక్కటి జారకపోయేది. నడుమ ఎవలన్న నమస్తే పెడితె పలికేటోడు గాదు, చెయ్యి ఊపేటోడు. పేరు పిలిస్తె పని, లేకుంటె ఇంటికి, గంతే.

ఇగ గిరిధర్ సారని, ఉప్పల్ల మా పక్కింట్ల కిరాయికుండె, సైంటిస్టు. నేను పదో తరగతి తప్పినోన్ని, పెద్ద సదువుల ముచ్చటంటె కల గన్నట్టు ఇనేది. ఒకనాడన్నడు, "ఒకేలా వినిపించే పేర్లు బుర్రలో నిలవవండీ, ఒకదాన్నొకటి చెరిపేస్తాయి." గది నా నెత్తికెక్కింది. తెల్లారి పేర్లు ఏరిన, కావాల్నని. మల్లయ్య, ఎల్లయ్య, పుల్లయ్య, నల్లయ్య, బాలయ్య, నీలయ్య. ఆరే. చదివి, ఎన్కాలనే పోయిన. సగం దూరంల ఆగిండు. మొదటికెల్లి అందుకున్నడు. మల్లా ఆగిండు. గేటుకాడ ఎల్లయ్యను రెండుసార్లు పిలిసిండు, నల్లయ్య పేరు రానేలె. నల్లయ్య సద్దిడబ్బ సంకల వెట్టుకొని ఎన్కకు మర్రిండు. నేను పిలిస్తె వచ్చేటోడు. పిల్వలె. సారుకు ఎప్పుడు జెప్పాల్నా అని సంబురంల ఉన్న.

అగో, ఆ దినంకెల్లి హన్మయ్య అల్కగ గుర్తుండే పేర్లు గూడ తప్పవట్టె. ఒక్కో పేరుకు నా మొకం దిక్కు జూసేది. వారమైనంక, అందరం బువ్వ తింటుంటె వచ్చి నిలబడ్డడు. "సారూ, నిజం జెప్పుండ్రి. నా మతి పోతుందా? మా అయ్యకు గిట్లనే షురువైంది, ఆకరికి మమ్ముల గూడ గుర్తువట్టలె." ఒక్క మాట జెప్తె అయిపోతుండె, తప్పు నీది గాదు, నేనేరిన పేర్లదని. పక్కన నలుగురుండ్రి. నవ్వుకుంట, "వయసైంది గద హన్మయ్యా, మతి పోతది" అన్న. తలూపిండు. తాళాలగుత్తి నా బల్లమీద వెట్టి పోయిండు.

ఆ నౌకరి ఇడిసినంక రెండేండ్లు బతికిండంట. పొద్దుగాల లేస్తనే మంచంలనే కూసొని బిడ్డ పేరు, అల్లుని పేరు, మనుమల పేర్లు గొణుక్కునేదంట, మరుస్తనేమోనని.

...ఆ కిటికి జర మూయి బిడ్డా, దుమ్మొస్తంది.