లియొకాదియా రెండో చెయ్యి

సాల్తో ఊళ్లో వృద్ధాశ్రమం వరండాలో అందరికీ మాతే కషాయం పోసేది అన్సెల్మోనే. ఒకప్పుడు అంబులెన్సు నడిపినవాడు కాబట్టి, మొన్నటిదాకా రోజూ పొద్దున్నే అక్కడే ఉండే లియొకాదియా నాడి చూసేదీ అతనే. హాల్లో పెద్ద టీవీ పెట్టి, మోంతెవీదియో నుంచి ఒక కుర్ర డాక్టరు అందులోనే అందర్నీ చూడ్డం మొదలుపెట్టాక, ఆ పని చేతికి పట్టీ కట్టే మిషను లాగేసుకుంది. పైగా ఆవిడ డాక్టరుకి కనబడేముందు సెంటు కూడా పూసుకుంటోంది. అన్సెల్మోకి ఒళ్లు మండిపోతోంది.

"ఆ టీవీ పెట్టించిందెవరనుకున్నారు? ప్లగ్గు గుచ్చింది ఈ చెయ్యే," అన్నాడు.

"కంపెనీ వాళ్లు కాదూ?" అన్నాడు పక్కగది తిబుర్సియో.

"వాళ్లా! సిగ్నల్ లేదని చేతులెత్తేస్తే, గాలివానలో నీళ్ల ట్యాంకు ఎక్కింది నేను. వైరు తెగింది. ఆ తర్వాత ఏం చేశానో తెలుసా? ఒక కొస చేత్తో, ఇంకో కొస పళ్లతో పట్టుకుని నిలబడ్డా. డాక్టరు మాటలన్నీ నా నోట్లోంచే పోయాయి. వైద్యమంతా అలాగే వంటబట్టింది."

"పిడుగు పడలేదా?"

"పడకేం? వృథా ఎందుకని దాంతో అందరి ఫోన్లకీ ఛార్జింగు పెట్టా."

లియొకాదియా నవ్వింది. ఇక అన్సెల్మోకి పట్టపగ్గాల్లేవు.

"ఇప్పుడా కుర్రాడు నన్నడగందే మందు రాయడు. మొన్న ఆపరేషన్లో ఎవరిదో గుండె ఆగిపోతే, 'దోన్ అన్సెల్మో, అయ్యగారూ, కాపాడండి' అని టీవీలో ఒకటే ఏడుపు. ఇక్కణ్ణుంచే టీవీ అద్దంలోకి చెయ్యి పెట్టి నాడి పట్టుకున్నా. అంతే! ఆ రోగే కాదు, పక్క వార్డులో ముందురోజు పోయినవాళ్లు కూడా లేచి కూచుని మాతే ఏదీ అన్నారు!"

లియొకాదియా మాతే తాగేసిన సొరబుర్ర కప్పు అతని చేతిలో పెట్టింది.

"అందరి వంతూ బాగానే నడుస్తుంది. నేను డాక్టరు ముందు కూచోగానే టీవీ ఎందుకు ఆరిపోతుందయ్యా? ప్లగ్గు పీకి మాతే నీళ్లకి కెటిల్ పెట్టేది ఎవరు? నా గుండె తడబడుతోందని చెప్పాడు. ఏం చెయ్యాలో చెప్పేలోగా మనిషే మాయం."

వరండా అంతా నవ్వులు. అన్సెల్మో నవ్వలేదు. తడబడుతోందన్న సంగతి అతనికి ఇప్పుడే తెలిసింది.

"నీ నాడి చూడ్డానికి నేనుండగా వాడెందుకని..." అని గొణిగాడు.

లియొకాదియా లేచింది. "తిబుర్సియో, నువ్వెళ్లి ఆ ప్లగ్గు దగ్గర కాపలా కూచో. అన్సెల్మో, నువ్వు నాతో రా. పట్టీ కట్టేది ఒక్క చేతికే కదా, రెండోది ఖాళీగానే ఉంటుంది."