‘ఇక కత్తిరించండి’ అన్న మాట మా అక్కది

తేదీ ఆగస్టు 14, బుధవారం. పొద్దున వంట ముగించి, రెండు బకెట్ల బట్టలు ఆరేసి, మామగారికి మందులిచ్చి, పదకొండింటికి మేజిస్ట్రేటు గారి ఎదుట హాజరయ్యాను. నా వయసు యాభై ఒకటి. గృహిణిని.

టీవీ చానెల్ మీద ఫిర్యాదు చేసింది నేను. ఆ కార్యక్రమం ఆలోచన మాత్రం మా అక్కది. అక్క బట్టలు కుట్టేది. పోయినవాళ్ళ బట్టలు తెచ్చి తమ కొలతకు కుట్టమనేవారు కొందరు. ముందు ఆ పోయిన మనిషి కథంతా చెప్పేవారు. వాళ్ళంతట వాళ్ళు "ఇక కత్తిరించండి" అనేదాకా అక్క కత్తెర ముట్టేది కాదు. ఇదే టీవీ కార్యక్రమంగా రావాలని, మంచం పట్టాక నాతో చెప్పి రాయించింది. పదకొండు కాగితాలు అయ్యాయి.

గత ఏడాది జూన్ 6న ఒక ప్రతిని రిజిస్టర్డ్ పోస్టులో మా ఇంటికే పంపుకున్నాను. సీలు విప్పకుండా దాచితే తేదీకి రుజువని పక్కింటాయన చెప్పారు. జూన్ 12న ఇంకో ప్రతి చానెల్ నిర్మాతకు ఇచ్చాను. మూడో అంతస్తు, కిటికీ లేని గది. ఆయన చివరిదాకా చదివి, "బాగుందమ్మా, కానీ ఈ ఏడుపు ఎవరు చూస్తారు?" అని కాగితాలు తిరిగిచ్చారు. చదివినట్టు రసీదు అడిగితే, "ఇదేమన్నా కరెంటు బిల్లా?" అని నవ్వారు.

ఈ జనవరి 21, ఆదివారం సాయంత్రం ఏడింటికి అదే కార్యక్రమం వచ్చింది. ఒకమ్మాయి తండ్రి చొక్కా బల్ల మీద పరిచి, "ఇక కత్తిరించండి" అంది.

"చూశావా, నా మాటే!" అని అక్క సంబరపడింది. చివర్లో పేర్లు పడుతుంటే లేపి కూర్చోబెట్టమంది. పేర్లన్నీ అయిపోయాయి.

"కళ్ళజోడు లేదు కదే. నా పేరు నీకు కనపడిందా?"

కనపడిందన్నాను. తొమ్మిదో రోజున అక్క పోయింది.

ఆలోచన మీద ఎవరికీ హక్కుండదని, రాసినదానికే ఉంటుందని, ఎప్పుడు రాశారో చూపమని చానెల్ లాయరు అడుగుతున్నారు. కవరు ఉంది. సీలు లేదు. వచ్చిన ఉత్తరాన్ని ఆ రోజే విప్పి, పైన తేదీ వేసి, ఫైలులో పెట్టడం నాకు ముప్పై ఏళ్ళ అలవాటు. జూన్ 9న చెయ్యి దానంతటదే ఆ పని చేసింది. విప్పిన కవరులో ఏ కాగితమైనా పెట్టవచ్చంటున్నారు.

"ఎలకలు కొరికాయనండమ్మా, ఏం పోయింది?" అన్నారు మా లాయరు. ఎలకలు కొరకలేదు. నేనే విప్పాను. కత్తెరతో, అంచు వెంబడి, నీటుగా.

కేసు నిలవదని తెలుసు. ఇది కోర్టులో ఉండిపోయే కాగితం కనుక, ఆలోచన మా అక్కదని ఇంకోసారి రాయమని అడిగాను. రాశారు. చదివి వినిపించారు. కలిపింది లేదు, దాచింది లేదు.

(సంతకం)